ఫిల్ములో ఏమీ లేదు

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా నడిస్తే సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డుల మధ్య డయాగ్నొస్టిక్ సెంటర్ల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. చౌరస్తా దాటితే నిమ్స్. ఒకప్పుడది నిజామ్స్ ఆర్థోపెడిక్ ఆసుపత్రి, ఎముకల కోసమే పెట్టింది. ఈ దారిలో ఎక్స్-రే కవర్లు పట్టుకుని తిరిగేవాళ్ళను చూస్తే నాకొక ప్రశ్న వస్తుంది. కవర్లో ఫిల్ము ఒకటి చెప్పి, దాన్ని మోస్తున్న మనిషి ఇంకొకటి చెప్తే ఎవర్ని నమ్మాలి?

ముందు ఆ ఫిల్ము ఏమిటో చూద్దాం. రాంట్‌జెన్ 1895లో కనిపెట్టిన ఈ కిరణాలను పుట్టించే సూత్రం ఇప్పటికీ అదే. గాలి తీసేసిన గొట్టంలో ఎలక్ట్రాన్లను పదుల వేల వోల్టులతో తోసి టంగ్‌స్టన్ లోహానికి గుద్దిస్తారు. ఆ శక్తిలో నూటికి 99 పాళ్ళు వేడిగా పోతుంది, మిగిలిన పిసరే ఎక్స్-రే. ఎముకలోని కాల్షియం పరమాణు సంఖ్య 20. కండలో ఎక్కువగా ఉండే కార్బన్‌ది 6, ఆక్సిజన్‌ది 8. బరువైన పరమాణువులు కిరణాలను ఎక్కువ మింగుతాయి కాబట్టి, ఎముక వెనక ఫిల్ము తెల్లగా మిగిలిపోతుంది. మనం చూసేది ఎముక నీడని. లోతు తెలియని నీడ గనకే ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీస్తారు. నరాలు, లిగమెంట్లు ఇందులో విడిగా తేలవు. నొప్పి సంగతి సరేసరి.

మా తమ్ముడు బండి మీంచి పడి మణికట్టు నొప్పంటే ఎక్స్-రే తీయించాం. నార్మల్. "ఏం లేదన్నారు కదరా, ఇంకేంటి?" అని ఇంట్లో మొదలుపెట్టారు. డాక్టరుగారు మాత్రం బొటనవేలి మొదట్లో నొక్కి చూసి, పిండికట్టు వేసి, రెండు వారాలాగి మళ్ళీ తీద్దామన్నారు. స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లితే మొదటి ఫిల్ములో చాలాసార్లు కనపడదట. రెండోదాంట్లో గీత తేలింది. నాకు ముఖ్యమనిపించింది గీత తేలకముందే వేసిన కట్టు. దానికి ఉన్న ఆధారమల్లా, నొక్కితే వాడు "అమ్మా" అనడమే.

మా ఉద్యోగంలోనూ ఇదే తంతు. యాప్ పనిచేయట్లేదని యూజర్ అంటాడు, లాగ్స్‌లో ఏ ఎర్రరూ లేదని మేమంటాం. రాయమని మేం చెప్పినవే కదా లాగ్స్‌లో ఉండేది!

అలాగని మనిషి మాటే ప్రమాణమనీ అనలేను. ఏ బాధా లేదన్నవాళ్ళ ఛాతీ ఫిల్ములో క్షయ మచ్చ బయటపడుతుంది. కాబట్టి ఫిల్ము "ఉంది" అంటే వింటాను. "లేదు" అన్నప్పుడు మాత్రం, అసలు దానికేం చూడటం చేతనవునో అడుగుతాను. అడగకపోతే, నడుం పట్టేసిందని ఒకరోజు సెలవడిగే పనిమనిషికి చూపించడానికి ఇంకే ఆధారమూ ఉండదు.