ఊపిరిని ఎరుకతో చూద్దాం



పున్నమి వందనలో ఆనాపానసతికి కూర్చుంటే ముక్కు కొన దగ్గర గాలి వచ్చుడు, పోవుడు గమనిస్తాం. అది లోపల ఏం చేస్తదో కూడా తెలుసుకోవాలె.

ఊపిరితిత్తుల్లో సన్నని గాలి సంచులు కోట్లలో ఉంటాయి. ఒక్కో సంచిని రక్తనాళాలు చుట్టుకొని ఉంటాయి. మధ్య గోడ వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచన. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోవుడు వాయువు గుణం. అందుకే ఆక్సిజన్ రక్తంలోకి దిగుతుంది, కార్బన్ డయాక్సైడ్ సంచిలోకి వస్తుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలే గాలిలో సుమారు 16. ఇందులో ఆత్మ ఏదీ వచ్చి పోవట్లేదు. హేతువులుంటే సాగుతుంది, లేకుంటే ఆగుతుంది. పటిచ్చసముప్పాదమంటే ఇదే.

మన పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు మందుల కంపెనీల్లో మంటలు లేవకుండా రియాక్టర్లలో నైట్రోజన్ నింపుతారు. తర్వాత లోపలికి దిగి గీకే పని కాంట్రాక్టు మనిషిదే. అతను ఏ వాడ నుంచి వస్తాడో నేను చెప్పనక్కర లేదు. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు. "గాలి లేకుంటే ఉక్కిరిబిక్కిరైతది గదా, అప్పుడు బయటికొస్తా" అంటాడు. కాదు తమ్ముడూ! ఉక్కిరిబిక్కిరి చేసేది ముఖ్యంగా రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్. నైట్రోజన్‌లో ఊపిరి వదులుతుంటే అది బయటికి పోతూనే ఉంటది. అంతా మామూలుగానే అనిపిస్తది. ఆక్సిజన్ మాత్రం రాదు. పైగా రక్తంలో ఉన్నదే తిరిగి సంచిలోకి జారిపోతది, వాయువు గుణం అదే కదా! రెండు మూడు శ్వాసల్లోనే మనిషి పడిపోవచ్చు. ముఖానికి కట్టిన రుమాలు ఆక్సిజన్ పుట్టించదు.

పడినోణ్ణి చూసి తోటివాడు దూకుతాడు, వాడూ పడతాడు. ఇలాంటి చావుల్లో కాపాడబోయినవాళ్లే చాలామంది. వాళ్ల కరుణను ఎవరు తక్కువ చేస్తారు? కానీ 1956 మేలో బీబీసీ ప్రసంగంలో బుద్ధధమ్మం తనకెందుకు నచ్చిందో చెబుతూ బాబాసాహెబ్ ప్రజ్ఞ, కరుణ, సమత అన్నారు. ప్రజ్ఞను ముందు పెట్టారు.

కాబట్టి దిగేముందు మీటరు పెట్టి చూడాలె. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువుంటే దిగొద్దు. నడుముకు తాడు, పైన కాపలా మనిషి ఉండాలె. పడితే పైనుంచే లాగాలె. "మీటరు చూపించండి సార్" అంటే రేపు పనికి పిలవరేమో అన్న భయం ఉత్తది కాదు. అందుకే ఒక్కడే అడగొద్దు, షిఫ్టంతా కలిసి అడగాలె.