సొంత బండి

పద్మనాభంలో ఉండే మా తమ్ముడిది సొంత ట్రైలరు లారీ. ఓనరూ వాడే, డ్రైవరూ వాడే. విశాఖ స్టీలు ప్లాంటులో ఇనప చువ్వలు ఎక్కించుకుని రాత్రింబవళ్ళు తోలుతాడు. "కాస్త నిద్రపోరా" అంటే, "వాయిదాకి నిద్రుండదక్కా!" అంటాడు.

జీతానికి తోలేవాళ్ళకి మామూలుగా రోజుకి 8 గంటలే పని అంది 1961 నాటి చట్టం. మరి తనచేత తనే తోలించుకునేవాడికి? కునుకు పడితే పోయేది వాడొక్కడేనా? ఇంకొకరిచేత చేయిస్తే అన్యాయమైనది, మనం చేసుకుంటే న్యాయమెలా అయింది?

అంతలో నాకే నవ్వొచ్చింది. పనిమనిషికి ఒళ్ళు వెచ్చబడితే ఇంటికి పొమ్మనే నేను, జ్వరంతో వంట చేస్తూ వాడికి బుద్ధులు చెబుతున్నాను! యజమానీ మనమే, కూలీ మనమే అయినప్పుడు, ఆ కూలీమీద జాలిపడాల్సిందీ మనమే కదూ?

మొన్న వాడు అనకాపల్లి దగ్గర బండి ఆపి నిద్రపోయాడట. నేనూ ఆ పూట చారుతో సరిపెట్టి పడుకున్నాను.