ప్రదక్షిణ మార్గము



లోకమునందలి మార్గములు రెండు విధములు. బయలుదేరిన చోటును విడిచి వేఱొక చోటికి గొనిపోవునది యొకటి. బయలుదేరిన చోటికే మరల గొనివచ్చునది రెండవది. మన జహీరాబాదు పట్టణము మొదటి విధమగు మార్గముమీద నున్నది. హైదరాబాదునుండి పడమటగా మహారాష్ట్ర దేశమునకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై రేయింబవళ్లు పోవు బండ్లకు లెక్కలేదు. ఆ దారిని పోయినవానిని "ఎంత దూరము పోయితివి?" అని యడుగవచ్చును. రెండవ మార్గమున నడచినవాని నట్లడిగినచో వాడేమి చెప్పగలడు? రెండు గంటలు నడచి, తాను విడిచిన గుమ్మముకడనే నిలిచియున్నాడు. దూరమును లెక్కించిన వాని లాభము సున్న. అయినను మానవుడు ఈ రెండవ మార్గము నెన్నడును విడువలేదు. ఏల విడువలేదో, ఆ మార్గమున మాకు గలిగిన యొక సిగ్గును మీ యెదుట చెప్పుకొని, నేడు విచారింతము.

ఐరోపా ఖండమునందలి పల్లెపట్టుల ఓకు వనములలో ఇట్టి వలయాకారపు నడకదారులు కలవు. జనులు ఒకచోట బయలుదేరి, చెట్లనీడను గంటయో రెండు గంటలో నడచి, మరల నచ్చటికే వత్తురు. ఓకు వృక్షము మెల్లగా నెదిగి కొన్ని వందల యేండ్లు జీవించును. జే అను పక్షి దాని కాయలను చలికాలపు గ్రాసమునకై నేలలో పూడ్చి దాచును. అది తినక విడిచినవానిలో కొన్ని మొలకెత్తి వృక్షములగును. ఆ నీడను నడచువాడు ఆ చెట్టును నాటినది పక్షియో మనుష్యుడో యెఱుగడు. ఎఱుగకయే నీడ ననుభవించును. ఈ మాటను జ్ఞాపకమున నుంచుకొనుడు.

మన దేశమున వలయముగ నడచుటకు ప్రదక్షిణమని పేరు. పూజ్యమైన దానిని కుడివైపున నుంచుకొని, దానిచుట్టు తిరిగివచ్చుటయే దీని యర్థము. మనకు సమీపమున ఝరాసంగమునందు కేతకీ సంగమేశ్వరాలయముచుట్టు జనులు తిరుగుచున్నారు. సింహాచలమున ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు బయలుదేరి, కొండచుట్టు 32 కిలోమీటర్లు కాలినడకను తిరిగివత్తురు. అరుణాచలముచుట్టు నడక 14 కిలోమీటర్లు. వృద్ధులును, చంటిబిడ్డల నెత్తుకొన్న తల్లులును ఈ దారుల నడచుట చూచినవారికి, ఈ యాచారమును పరిహసించుటకు నోరాడదు.

అయితే గానుగెద్దును వలయముగనే నడచుచున్నది! అది ప్రాతఃకాలమునుండి సాయంకాలమువఱకు తిరుగును. దాని నడకను చాపి కొలిచినచో కాశీకి పోవుదారి కావచ్చును. అయినను దానిని ప్రదక్షిణమని యెవరు నందురు? దాని కండ్లకు గంతలు కట్టియున్నవి. తాను దేనిచుట్టు తిరుగుచున్నదో దానికి తెలియదు. కావున ప్రదక్షిణమునకును గానుగ తిరుగుటకును భేదము కాళ్లయందు లేదు, కండ్లయందు కలదు. ఈ భేదమును మేము గ్రంథములయందు చదివియుంటిమి. దాని నిజమును నేర్పినది మాత్రము కట్టెలమోపు నెత్తుకొన్న యొక స్త్రీ.

జహీరాబాదు ప్రాంతమున నొక పల్లెచెంత చిన్న వనము కలదు. అది యెఱ్ఱనేల. కానుగ, వేప, మోదుగ, సీతాఫలము మొదలగునవి అందు పెరిగియున్నవి. వనముచుట్టు, కొంత లోపలగా, కాలిబాట యొకటి కలదు. మేము మువ్వురము ఒకనాడు తెల్లవాఱకమునుపే ఆ వనపు గుమ్మముకడకు చేరి, వనమధ్యమును కుడివైపున నుంచుకొని యెడమదారిని బయలుదేరితిమి. తూర్పువైపున నొక బండ కలదు. సూర్యోదయవేళ అచ్చట ప్రార్థన చేయవలెనని మా సంకల్పము. సర్వభూతములయందును ఈశ్వరుడు వెలయుటనుగూర్చి మాటలాడుకొనుచు నడచుచుంటిమి.

కొంతదూరము పోవునప్పటికి ఎదురుదారిని ఒక స్త్రీ కనబడెను. ఎండుపుల్లల మోపును దింపి, ప్రక్కన నిలిచియుండెను. మమ్ము చూచి, బాట విడిచి ముండ్లపొదలోనికి నాలుగడుగులు జరిగెను. ఆ జరుగుట ఆమెకు అలవాటు. జరిగినదనుట గమనింపకుండుట మాకు అలవాటు. ఆమె "జర చెయ్యేసి మోపెత్తుండ్రి సారూ" అనెను. తలమోపు దింపినవారు ఒంటరిగా మరల నెత్తుకొనలేరనుట పల్లె నెఱిగినవారి కందఱకును తెలిసినదే. మేము ఒకరి ముఖమొకరము చూచుకొంటిమి. "ప్రొద్దు పొడుచుచున్నది, ప్రార్థనకు ఆలస్యమగును" అని మాలో నొకరనిరి. ఎవరనిరో చెప్పుట యనవసరము, తక్కినవారము కాదనలేదు. ముందుకు సాగితిమి.

బండమీద ప్రార్థన బాగుగనే జరిగినది. మాటలు సొంపుగనే వచ్చినవి. సూర్యుడు ఉదయించెను, పక్షులు పలికెను. కాని మనస్సునందు ముల్లువంటిది కలుక్కుమనుచునేయుండెను. తిన్నని దారియైనచో ఆ ముల్లును మఱచి ముందునకు పోయియుందుము. వలయమార్గముయొక్క దయ యిచ్చటనే యున్నది: అది మనము విడిచిపోయినదానిని మరల మన యెదుట నిలుపును. మిగిలిన దారియంతయు తిరిగి గుమ్మముకడకు వచ్చునప్పటికి ఆమె యచ్చట చెట్టుక్రింద కూర్చుండియున్నది. ప్రక్కన మఱియొక స్త్రీ, రెండు మోపులు. ఆ రెండవయామె తన బరువును దింపుకొని ఈమె కెత్తినదట. మమ్ము చూచి ఈమె నవ్వి "మల్ల ఈడికే వస్తిరి గద సారూ" అనెను.

ఆ మాటలో నిష్ఠురము లేదు. అయినను దానికంటె తీవ్రమైన యుపదేశమును మే మెన్నడును వినియుండలేదు. అవును, మరల నచ్చటికే వచ్చితిమి. పోయినవారమే వచ్చితిమి. మేము కండ్లకు గంతలు గట్టుకొని గానుగచుట్టు తిరిగి వచ్చితిమి.

ఈసారి ఆమె యడుగకమునుపే మోపునకు చేయి వేసితిమి. అది మేము తలచినదానికంటె బరువుగా నుండెను. ఎత్తుచు నొకరు "ఈ వనము సర్కారువారిదా?" అని యడుగగా, ఆమె "గీ చెట్లు మేమే పెట్టినం సారూ. అప్పుడు గీడ అన్ని రాళ్లే ఉండె" అని చెప్పి, బిగువుగా నడచిపోయెను. ఎవరికొఱకు చెట్లనీడలో బాట వేయబడినదో వారు తాము కామని మాకప్పుడు తెలిసినది. ఎవరు ఆ నీడను పెంచిరో వారే మాకు దారి విడిచి ముండ్లలో నిలిచిరి.

సోదరులారా! ఈ ప్రాంతపు స్త్రీలనుగూర్చి మీరు వినియుందురు. పస్తాపూరు కేంద్రముగా 1983వ సంవత్సరమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీ యేర్పడినపిమ్మట, పల్లెపల్లెయందును స్త్రీల సంఘములు వెలసినవి. అందున్నవారిలో అధికులు దళిత స్త్రీలు. వారు బీడుపడిన నేలలను సాగులోనికి తెచ్చి, జొన్న, కొఱ్ఱ, సామ మొదలగు పాతపంటల విత్తనములను ఇండ్లయందు కాపాడిరి. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి యభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమానము లభించినది. వారికిని ఒక ప్రదక్షిణము కలదు. ఈ శతాబ్దపు మొదటినుండి, మకర సంక్రాంతికి ఎడ్లబండ్ల నలంకరించి, విత్తనముల నందుంచి, పాటలు పాడుచు, పాత పంటల జాతర యను పేర సుమారు మాసకాలము ఊరూర తిరుగుచు వచ్చిరి. ఆ ప్రదక్షిణమునకు నడుమనున్నది శిలయు కాదు, స్వర్ణమును కాదు. బిడ్డల నోటికి పోవలసిన గింజ. వారు తిరిగివచ్చునప్పటికి కొన్ని పల్లెలయందు విత్తనము చేరియుండును. ఇట్టి ప్రదక్షిణమును గానుగ తిరుగుట యనగలమా?

ఇక దారినుండి తొలగి నిలుచుట యను నాచారమును విచారింతము. తిరువాంకూరు రాజ్యమునందలి వైకమున మహాదేవాలయముచుట్టునుండు బాటలపై అవర్ణు లనబడువారు నడువరాదని నిషేధముండెను. ఆలయము లోపలికి పోవుట కాదు, చుట్టునున్న దారిని నడచుటయే నేరము! 1924 మార్చి 30వ తేదీన ఆ దారులకొఱకు సత్యాగ్రహ మారంభమై, 1925 నవంబరువఱకు సాగినది. తుదకు మూడు దిక్కుల బాటలు అందఱకును తెఱవబడినవి. తూర్పుబాట మాత్రము అప్పటికిని మూయబడియేయుండెను. 1936లో ఆలయప్రవేశ ప్రకటన వెలువడువఱకు అవర్ణులకు ఆలయద్వారము తెఱవబడలేదు. మూడు దిక్కులు నడచి నాలుగవదిక్కున నిలిచిపోవలసిన నడక ప్రదక్షిణమగునా? వలయమున నొక్కముక్క తెగినను అది వలయము కాదు. ఒక్క మనుష్యుని దారినుండి తొలగించినను మన ప్రదక్షిణము తెగినట్లే. వైకమున ఆ తెగుబాటును చేసినది రాజశాసనము. మా వనమున దానిని చేసినది మా మౌనము. రెంటిలో నేది యల్పదోషమో చెప్పుటకు మాకు ధైర్యము చాలదు.

"తప్పును దిద్దుకొంటిరి గదా, మోపు నెత్తితిరి గదా" అని మీరనవచ్చును. తొందరపడకుడు. మేము నిరాకరించిన క్షణమున ఆ బరువును వహించినది వేఱొక బరువును మోయుచున్న మఱియొక స్త్రీ. మనము చేయక విడిచిన ధర్మము మాయమైపోదు. మనకంటె నధికముగా అలసినవారి తలమీద పడును. రెండవసారి చేయివేయుట మొదటిసారి ఋణమును తీర్చదు. అది ఋణమున్నదని యొప్పుకొనుట మాత్రమే.

తిరిగివచ్చుట యను దానియందలి ధర్మమును పెద్దలు తమ జీవితములయందు చూపిరి. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు 1857లో సిమ్లా చేరి, హిమాలయపు కొండలయందును అడవులయందును ధ్యానమున గడపిరి. ఆ కొండలయందును ఓకు జాతి వృక్షములు కలవు. ఒకనాడు ఆయన కొండవాగును చూచి, ఇచ్చట నింత నిర్మలముగ నున్న యీ జలము క్రిందికి దిగి బురదయగుట యేల యని తలపోసిరి. దిగినగాని పొలములు పండవు గదా యని తెలిసికొనగా, దిగిపొమ్మను నాజ్ఞ అంతరంగమున వినబడినదని ఆయన స్వీయచరిత్రమున వ్రాసిరి. 1858లో కలకత్తాకు తిరిగివచ్చిరి. అడవికి పోవుట సులభము. నిర్మలముగ నుండుట అచ్చట సులభము. దిగివచ్చి, బురదయగుటకు వెఱవక, పొలమును తడుపుటయే కష్టము. అట్లు దిగివచ్చినవాని నడకయే పూర్ణమైన వలయము.

కావున మీకు మా విన్నపమిది. నడువుడు. కొండచుట్టు నడచువారు కొండచుట్టు నడువుడు. ఆలయముచుట్టు నడచువారిని మేము నిందింపము. పట్టణపు రొద విడిచి వనమార్గమున తిరుగగోరువారు తిరుగుడు. అది దేహమునకును మనస్సునకును మేలు. కాని బయలుదేరునప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు: మన నడకకు నడుమ నున్నదేమి? మనకొఱకు దారి తొలగినవా రెవరు? మొదటి ప్రశ్నకు "ఈశ్వరుడు" అని యుత్తరము చెప్పుట సులభము. అది సత్యమగునో కాదో రెండవ ప్రశ్నకు మన చేతులు చెప్పు నుత్తరమును బట్టి తెలియును.

మేము తరువాతను ఆ వనమునకు పోవుచున్నాము. ఆమె కొన్నినాళ్లు కనబడును, కొన్నినాళ్లు కనబడదు. ఎవరైన నెదురైనచో ఇప్పుడు మేమే బాట విడిచి నిలుచుచున్నాము. తలమోపుతో వచ్చువారికి దారి యిచ్చుట సామాన్యధర్మము. దీనినొక ఘనకార్యముగ చెప్పుకొనుట లేదు. ఇన్ని ధర్మోపన్యాసములు చేసినవారము, ఈ సామాన్యధర్మమును నేర్చుకొనుటకు ఒక పూర్తి చుట్టు తిరుగవలసివచ్చెనని మాత్రము చెప్పుకొనుచున్నాము.

ఓ జగదీశ్వరా! మేము నీచుట్టు తిరుగుచున్నామనుకొని మాచుట్టు మేమే తిరుగకుండ మమ్ము కాపాడుము. మా కండ్ల గంతలను విప్పుము. మేము విడిచిపోయినవారిని మరల మా యెదుట నిలుపుము. అప్పుడు మరల విడిచిపోకుండు బుద్ధి నిమ్ము. మేము నాటని చెట్టునీడను నడచునపుడు నాటినవారిని మఱవనీయకుము. బయలుదేరిన గుమ్మముకడకు మేము మరల వచ్చునపుడు, పోయినవారముగ గాక, మాఱినవారముగ మమ్ము చేర్చుము.