చూసినవాడు చెప్పాలి

పుష్యమాసం చివర వచ్చే చొల్లంగి అమావాస్యకు కాకినాడ దగ్గర సాగరసంగమంలో మునగడానికి జనం తరలివస్తారు. ఆ అమావాస్య రోజుల్లోనే సముద్రం పోటు మామూలుకంటే ఎత్తుకు లేస్తుంది, పాటు వేళ అంతకంత దూరం వెనక్కి తీస్తుంది. అలా బయటపడిన కోరంగి మడ అడవుల దగ్గరి బురద మీద, ఎక్కడో సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెట్టి వచ్చిన ఉల్లంకులు మేతకు దిగుతాయి. స్నానానికి వచ్చినవారిది పుణ్యకార్యమని అందరూ ఒప్పుకుంటారు. మరి ఆ తీరాన తన ఇంటి అరుగు మీద కూర్చుని చలికాలమంతా పక్షులను చూసే మనిషిది కాలక్షేపమా, సాధనా? సాధనే అని నా నమ్మకం. కాకపోతే చూడటంతో అది పూర్తి కాదు.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంది. ఆ చూసేదాన్నే వేదాంతులు సాక్షి అన్నారు. మన రోజువారీ చూపు మొదటి పక్షిది. చెట్టులో కలప, ఖాళీ నేలలో ప్లాటు కనిపిస్తాయి. ఆటుపోట్ల నేల దగ్గర ఈ చూపు పనిచేయదు. పాటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి వేళకు ఈరోజు పక్షులు దిగవు, మనమే వేళ మార్చుకోవాలి. బురద రంగు ఉల్లంకి కదిలేదాకా కంటికి ఆనదు, ఓపిక పట్టాలి. ఓపిక పడితే తేడాలు తెలుస్తాయి. ఇసుక ప్లోవర్ నాలుగడుగులు పరుగెత్తి ఆగుతుంది, చూస్తుంది, టక్కున పొడుస్తుంది. దానిది కంటి వేట. పక్కనే కర్లూ కొడవలిలా వంగిన పొడుగు ముక్కును బురదలోకి దించి స్పర్శతో వెతుకుతుంది. పీత దొరికితే అటూ ఇటూ విదిలించి, కాళ్లు రాలగొట్టి మింగుతుంది. ఇందులో మనకు దక్కేదేమీ లేదు. మనతో నిమిత్తం లేని ఒక ప్రాణి తన బతుకులో నిండుగా మునిగి ఉందని గ్రహించినప్పుడు, లోకానికి నేనే కేంద్రమన్న భ్రమ కొంత సడలుతుంది.

ఇంటి నుంచి చూడటానికీ ఇందులో విలువ ఉంది. పాటు ఉన్న కొద్ది గంటల్లోనే వలస వచ్చిన పక్షి కడుపు నింపుకోవాలి. వసంతంలో తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు ఆ మేత నుంచే కూడాలి. దగ్గరికి వెళ్లి లేపిన ప్రతిసారీ మేత పోతుంది, కూడబెట్టిన శక్తీ ఖర్చవుతుంది. దూరం పాటించడం ఇక్కడ అహింసే. యాత్రలో మనం దైవం దగ్గరికి వెళతాం. ఇక్కడ కదలకుండా కూర్చుని, రానిచ్చి, పోనిస్తాం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. ఉపనిషత్తు చెప్పిన సాక్షి పరమాత్మ, బైనాక్యులర్స్ పట్టుకున్న మనిషి కాడు, కంటికి కలిగే ఆనందం కూడా భోగమే కదా అంటారు. నిజమే. కొత్త జాతి పేరు పద్దులో చేర్చాలన్న ఆత్రం పుడితే అది భోగమే. కానీ సిద్ధికీ సాధనకూ తేడా ఉంది. తినకుండా చూడటం మనకు పుట్టుకతో రాలేదు గనుకనే అభ్యాసం కావాలి. అభ్యాసం చేసేవాడిని ఇంకా సిద్ధుడివి కాలేదని తప్పు పట్టలేం.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటి. మడ అడవులు తరిగిపోతుంటే అరుగు మీద కూర్చుని చూడటం బాధ్యత తప్పించుకోవడం కాదా? దీనికి జవాబు మన భాషలోనే ఉంది. వేదాంతంలో సాక్షి అంటే అంటకుండా చూసేవాడు. కోర్టులో సాక్షి అంటే చూసింది చెప్పవలసినవాడు. రెండింటికీ మనం ఒకే మాట వాడుతున్నాం. ఈ రెండు అర్థాలూ ఒకదానికొకటి అవసరం. సొంత లాభం లేకుండా చూసినవాడి మాటకే విలువ, చూసి కూడా నోరు మెదపనివాడి వైరాగ్యం ఉదాసీనతే. కాకినాడ దగ్గర మడ చెట్లు నరికి నేల చదును చేసిన వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అలాంటి చోట, ఈ బురద మీద ఏ నెలలో ఏ పక్షి ఎన్ని దిగేవో రాసిపెట్టినవారు లేకపోతే, అక్కడ పోయిందేమిటో ఎవరు చెప్పగలరు? 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణన ఇలాంటి సాక్ష్యాల మీదే నడుస్తోంది. అందులో లెక్కించేవారిలో ఎక్కువమంది జీతం లేని మామూలు మనుషులే.

అందుకే నేను చెప్పిన సాధన చూడటంతో మొదలై చెప్పడంతో పూర్తవుతుంది. తీరాన, ఏటిపాయ ఒడ్డున ఇల్లున్నవారికి నా విన్నపం ఒక్కటే. ఈ చలికాలం పాటు వేళకు అరుగు మీద కూర్చోండి. పక్షులను లేపకండి. తేదీ, వేళ, కనిపించిన పక్షి, ఎన్ని ఉన్నాయో ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరైనా అడిగిన రోజున ఆ పుస్తకం తీసి చూపించండి.