పొగబండి ప్రాణం ఎక్కడుంది

2023 అక్టోబరు 31న గుజరాత్‌లో ఏక్తా నగర్–అహ్మదాబాద్ మధ్య ఒక వారసత్వ రైలు మొదలైంది. ముందు నుంచి చూస్తే అచ్చం ఆవిరి ఇంజినే. లోపల బాయిలరు లేదు, నిప్పు లేదు, మరిగే నీళ్లు లేవు. బండిని లాగేది పై తీగలోని కరెంటు. చూడముచ్చటైన బండే, సందేహం లేదు. అయితే అది చాలా పాత ప్రశ్నొకదాన్ని మళ్లీ లేవనెత్తింది. రూపం ఉండి నిప్పు లేనిదాన్ని ఆవిరి ఇంజిన్ అనవచ్చా? అనకూడదంటే, నిప్పు చల్లారి, రైల్వే ఆఫీసుల ముందు సిమెంటు దిమ్మెల మీద రంగు పూసుకుని నిలబడ్డ అసలు ఇంజిన్లను ఏమనాలి?

మన వైపు చూస్తే, విశాఖ నుంచి అరకుకు అద్దాల బోగీ 2017 ఏప్రిల్‌లో వచ్చింది. బొర్రా గుహలు, శిమిలిగుడ దాటి లోయ కనిపించేదాకా సొరంగం వెంట సొరంగం. చీకట్లోకి బండి దూరిన ప్రతిసారీ పిల్లలు కేకలు వేస్తారు. ఈ కొండల్లో పొగ కక్కుతూ ఎక్కే ఇంజిన్ ఒకటుంటే ఎంత బాగుండునో అని పెద్దలకు అనిపించడం సహజం. కానీ కొత్తవలస–కిరండూల్ లైను పొగబండి కోసం పుట్టింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960ల్లో వేసిన దారి అది. సుమారు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు, అరవై అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే ఘాట్. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. ఆ ఖనిజాన్ని కొండ దించింది ప్రధానంగా డీజిల్ ఇంజిన్లు, 1980ల నుంచి విద్యుత్ ఇంజిన్లు. పర్యాటకుల కోసం అక్కడ ఆవిరి వేషం వేస్తే, లోయకు లేని గతాన్ని అంటగట్టినట్టవుతుంది.

ఈ తూర్పు కనుమల్లో పొగబండి నిజంగా బతికిన చోటు మరొకటి ఉంది. అది అరకుకు ఈశాన్యంగా, మహేంద్రగిరి చుట్టుపక్కల.

పర్లాకిమిడి సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి తన ఊరిని కలకత్తా–మద్రాసు ప్రధాన మార్గంతో కలపాలని సొంత ఖర్చుతో లైను వేయించాడు. సుమారు ఏడు లక్షల రూపాయలతో, రెండున్నర అడుగుల వెడల్పున్న పట్టాల మీద, 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి బండి కదిలింది. ఉప్పు మడుల పక్కన మొదలై, టెక్కలి, పాతపట్నం మీదుగా కొండల దిక్కుగా పోయే చిన్న బండి. తర్వాత 1929–31 మధ్య దాన్ని వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం దాకా పొడిగించారు. అంటే సవర ఆదివాసుల సీమ గుమ్మంలోకి. తెలుగు వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు బడిపంతులుగా బతికింది ఈ పర్లాకిమిడిలోనే. ఆయన సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం వెలువరించాడు. బండి గుణుపురం చేరిన కాలమూ అదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, నౌపడ ఇటు మిగిలింది. రైలు మాత్రం రెండువైపులా తిరుగుతూనే ఉంది.

ఆవిరి ఇంజిన్లు ఆ లైనులో 1990ల ఆరంభం వరకు పనిచేశాయి. తర్వాత డీజిల్ వచ్చింది. 2004లో నారోగేజి ఆపేసి, పట్టాలు పీకి, బ్రాడ్‌గేజి వేశారు. 2011లో గుణుపురానికి పెద్ద బండి వచ్చింది. ప్రయాణికులకు మేలే జరిగింది, అందులో వాదన లేదు. పాత ఇంజిన్లలో కొన్ని మ్యూజియాలకు, దిమ్మెల మీదికి చేరాయి.

దిమ్మె మీద ఉన్నది ఏమిటన్న ప్రశ్నకు వంశధార తీరంలోనే ఒక పాత జవాబు దొరుకుతుంది. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. అక్కడ బతికిన భిక్షువుల పరంపరకు తెలిసిన సంవాదం ఒకటి ఉంది. యవన రాజు మిలిందుడిని నాగసేనుడు రథం గురించి అడుగుతాడు. చక్రం రథమా, ఇరుసు రథమా, నొగ రథమా? ఏదీ కాదు. అన్నీ విడదీసి కుప్ప పోస్తే అదీ కాదు. భాగాలు ఒక అమరికలో ఉన్నప్పుడు మనం పిలుచుకునే పేరే రథం. ఆవిరి ఇంజిన్‌కు ఈ వాదన అద్దినట్టు సరిపోతుంది. పని చేసే ఇంజిన్‌లో ట్యూబులు మారతాయి, చక్రాల టైర్లు మారతాయి, చివరికి బాయిలరే మారుతుంది. షెడ్డులో ఒక ఇంజిన్ బాయిలరును మరోదానికి బిగించడం మామూలు పని. నలభై ఏళ్లు నడిచిన ఇంజిన్‌లో పుట్టినప్పటి ఇనుము ఎంత మిగిలిందని అడిగితే పాత ఫిట్టరు చెప్పలేడు, చెప్పాల్సిన అవసరమూ అతనికి కనబడదు. అయితే నాగసేనుడి రథంలో లేనిదొకటి ఇందులో ఉంది. నిప్పు. దాన్ని భాగాల జాబితాలో ఎక్కడ రాయాలి?

బుద్ధుడే నిప్పు గురించి వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడిని అడిగాడు. ఎదుట మండుతున్న మంట ఆరిపోతే అది ఏ దిక్కుకు పోయిందని చెబుతావు, తూర్పుకా, పడమరకా? ఆ ప్రశ్నే పొసగదని వచ్ఛగోత్తుడు ఒప్పుకుంటాడు. కట్టెలున్నంతసేపు మండింది, అవి అయిపోగానే ఆరింది. ఎక్కడికీ పోలేదు. ఆవిరి ఇంజిన్‌కు కట్టెలంటే బొగ్గు ఒక్కటే కాదు. చల్లని బాయిలరును ఒక్కసారిగా వేడి చేస్తే పలకలు ఒకచోట సాగి ఒకచోట సాగక పగుళ్లిస్తాయి. అందుకే గంటల తరబడి నెమ్మదిగా రాజేయాలి. ఎప్పటికప్పుడు బాయిలరు కడిగి, పట్టిన గార వదిలించాలి. నీటిమట్టం ఫైర్‌బాక్సు కప్పు కిందికి జారితే అక్కడి సీసపు బిరడా కరిగి ఆవిరి నిప్పు మీదికి దూకుతుంది. ఆ హెచ్చరిక రాకముందే గాజు గొట్టంలో నీళ్లను కనిపెట్టుకుని ఉండాల్సింది ఫైర్‌మన్. ఈ తెలివి ఏ పుస్తకంలోనూ పూర్తిగా ఇమడదు. అది చేతిలో, చెవిలో ఉంటుంది. మంటకు అసలైన కట్టె ఆ తెలివే.

ఇంత దూరం వచ్చాక, గుళ్లో జరిగేది గుర్తు రాక మానదు. శిల్పి చెక్కిన రాయికి ప్రాణప్రతిష్ఠ చేస్తేనే దేవుడు. నిత్య ధూప దీప నైవేద్యాలు సాగితేనే ఆ సన్నిధి నిలుస్తుందని నమ్మకం. వినాయక చవితి మట్టి బొమ్మకు ఉద్వాసన చెప్పి నీళ్లలో కలిపేస్తారు. మట్టి మట్టిలోకి పోతుంది, ఎవరూ తప్పు పట్టరు. ఈ దృష్టితో, పనైపోయిన ఇంజిన్లను కరిగించి ఉక్కుగా మార్చడంలో అపచారం లేదని వాదించేవాళ్లున్నారు. బలమైన వాదనే. రైల్వే షెడ్లలో విశ్వకర్మ పూజకు, ఆయుధపూజకు పసుపు కుంకుమలు పెట్టేది పని చేసే యంత్రాలకు. అక్కడి వాళ్ల భక్తి ఇనుము మీద కాదు, దాని పని మీద.

అయినా ఆ వాదన దగ్గరే ఆగిపోవడం కష్టం. ఎందుకంటే చల్లారిన ఇంజిన్ మళ్లీ రాజుకోగలదు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ అనే ఇంజిన్ 1909లో పని మానేసింది. దశాబ్దాల తరబడి బొమ్మలా నిలబడి, 1997లో పర్యాటక రైలును లాగడానికి మళ్లీ పట్టాలెక్కింది. తర్వాత దాని భాగాలు దొంగతనానికి గురైతే, చెన్నైలోని పెరంబూరు వర్క్‌షాపు వాళ్లు వాటిని కొత్తగా చేసి మళ్లీ నడిపించారు. ఎవరో ఇనుమును పోనివ్వకుండా కాపాడబట్టే ఇది సాధ్యమైంది. కాబట్టి దిమ్మె మీది ఇంజిన్‌ను శవమని తేల్చేయడం తొందరపాటు. దాన్ని అక్కడ నిలబెట్టి చేతులు దులుపుకోవడమే అసలు తప్పు.

ఈ సమస్యను అందరికన్నా లోతుగా చూసింది పూరీ జగన్నాథుడి సేవకులని అనిపిస్తుంది. అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో అక్కడ నవకళేబరం జరుగుతుంది. 1996లో జరిగింది, 2015లో జరిగింది. కొత్త వేపమానుతో కొత్త మూర్తులు చెక్కుతారు. పాత మూర్తిలోని బ్రహ్మపదార్థాన్ని కళ్లకు గంతలు కట్టుకున్న దైతాపతులనే సేవకులు కొత్తదానిలోకి మారుస్తారు. పాత మూర్తులను ఆలయ ఆవరణలోని కోయిలి వైకుంఠంలో పాతిపెడతారు. ఆపైన దైతాపతులు ఇంట్లో మనిషి పోయినట్టే మైల పడతారు. ఈ దైతాపతులు జగన్నాథుణ్ణి మొదట నీలమాధవుడిగా అడవిలో కొలిచిన సవర విశ్వావసుడి వంశమని సంప్రదాయం. దేహం పోయిందని ఒప్పుకుని ఏడుస్తారు, అదే చేత్తో కొత్త దేహం కడతారు. రెండూ ఒకే క్రతువు.

యంత్రాలకూ ఇలా జరిగింది. నీలగిరి రైలు మెట్టుపాళయం నుంచి కూనూరు వైపు పన్నెండడుగులకు ఒక అడుగు ఎక్కే చోట, పళ్ల చక్రంతో పాకే ఎక్స్ తరగతి ఇంజిన్లు స్విట్జర్లాండులో పుట్టాయి. అవి ముసలివైపోయాక, తిరుచిరాపల్లి దగ్గరి పొన్మలై వర్క్‌షాపు 2011 నుంచి అదే తరగతి ఇంజిన్లను కొత్తగా కట్టింది. ఇంగ్లండులోని డార్లింగ్టన్‌లో అభిమానుల చందాలతో 2008లో టోర్నడో అనే ఇంజిన్ పూర్తయింది. బ్రిటన్‌లో 1960 తర్వాత ప్రధాన మార్గాల కోసం కట్టిన తొలి ఆవిరి ఇంజిన్ అదే. వీటిలో పాత ఇనుము లేదు. అయినా ఇవి నకిలీలు కావు. బొగ్గో నూనెయో మండుతుంది, నీళ్లు మరుగుతాయి, ఫైర్‌మన్ చెమట కారుస్తాడు. ఏక్తా నగర్ బండికీ వీటికీ తేడా ఇక్కడే ఉంది. అది రూపాన్ని ఉంచుకుని పనిని వదిలింది, ఇవి పనిని నిలబెట్టుకుని దేహాన్ని మార్చుకున్నాయి. ప్రాణం ఎటువైపు ఉందో తేల్చుకోవడం కష్టమేమీ కాదు.

పర్లాకిమిడి ఇంజిన్లకు ఈ రెండూ జరగలేదు. కొత్త దేహం రాలేదు, దుఃఖమూ దక్కలేదు. మనుషులు పోతే ఆ సీమలో అలా వదిలెయ్యరు. గుణుపురం చుట్టూ కొండల్లో సవరలు చనిపోయినవారి కోసం రాళ్లు పాతుతారు. వెరియర్ ఎల్విన్ అనే పరిశోధకుడు 1955లో అచ్చయిన తన పుస్తకంలో వారి మతాన్ని వివరంగా రాశాడు. తర్వాత పీర్స్ విటెబ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి వాళ్ల మధ్య ఉండి మరింత దగ్గరగా చూశాడు. రాయి పాతడంతో పని అయిపోదు. పూనకం వచ్చిన స్త్రీ నోట చనిపోయినవాళ్లు మాట్లాడతారు. బతికున్నవాళ్లు అడుగుతారు, నిష్ఠూరమాడతారు, ఏడుస్తారు, బేరాలాడతారు. అలా ఏళ్లు గడిచేకొద్దీ పోయినవాడు హాని చేసే ఆత్మ నుంచి కాపాడే పెద్దగా మారతాడు. అతని పేరు ఇంట్లో ఒక బిడ్డకు వస్తుంది. ఇటీవలి తరాల్లో చాలామంది సవరలు క్రైస్తవులయ్యారు, ఆ సంభాషణలు తగ్గిపోయాయి. మాట్లాడేవాళ్లు లేని రాయి వట్టి రాయిగానే మిగిలింది.

ఇంజిన్ నిలబెట్టిన దిమ్మె పక్కన సాధారణంగా ఉండేది చిన్న పలక. తయారీ సంవత్సరం, తరగతి, బరువు. దాన్ని రాజేసినవాడెవడు, ఎక్కడ ఆగి నీళ్లు పట్టేవాడు, వర్షాకాలంలో పాతపట్నం దాటాక చక్రం జారితే ఇసుక ఎలా చల్లేవాడు అన్న ముచ్చట అందులో ఉండదు. ఫోటో తీసుకున్న కుటుంబం ఆ పలక చదివి వెళ్లిపోతుంది. తప్పు వాళ్లది కాదు, అక్కడ మాట్లాడేవాళ్లు లేరు. వేల్స్‌లో టాలిలిన్ రైల్వేను 1951లో స్వచ్ఛందంగా నడపడం మొదలుపెట్టినవాళ్లు ఇంజిన్లను మాత్రమే కాపాడలేదు. బాయిలరు కడగడం, నిప్పు రాజేయడం, సిగ్నలు చూడడం కొత్త వాళ్లకు నేర్పారు. అందుకే అక్కడ ఈరోజుకీ బండి నడుస్తోంది.

అరకుకు ఆవిరి వేషం అవసరం లేదు. అద్దాల బోగీ, సొరంగాలు, ధింసా నృత్యం, కాఫీ తోటలతో ఆ లోయ తనంతట తానుగా చాలు. తూర్పు కనుమల్లో పొగబండికి ఏదైనా చేయాలనుకుంటే ఆ పని నౌపడ–గుణుపురం వైపు జరగాలి. దిమ్మెల మీదున్న పర్లాకిమిడి ఇంజిన్లలో ఒక్కదాన్ని దించి, బాయిలరు పరీక్ష చేయించి, అవసరమైతే కొత్త బాయిలరే కట్టించి, ఒక కిలోమీటరు నారోగేజి పట్టా మీదైనా నడపాలి. పాత ఇనుము పనికిరాకపోతే పొన్మలైలో చేసినట్టు కొత్తది కట్టాలి. దాన్ని రాజేసే పని గుణుపురం, పాతపట్నం చుట్టుపక్కల కుర్రాళ్లకు, సవర పిల్లలకు నేర్పాలి.

దీనికి డబ్బు, అనుమతులు కావాలి, అవి ఆలస్యమవుతాయి. ఇంకో పని మాత్రం ఆలస్యానికి ఓర్చుకోదు. 1990లో ఆ లైనులో బొగ్గు వేసిన పాతికేళ్ల ఫైర్‌మన్‌కు ఇప్పుడు అరవై దాటాయి. అతనికి నేర్పిన డ్రైవర్లు మరీ పెద్దవాళ్లు. టెక్కలిలో, పలాసలో, పర్లాకిమిడిలో మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి మనిషి ఉంటే, ఈ నెలలోనే ఆయన ఎదుట కూర్చుని ఫోనులో రికార్డు చేయండి. నిప్పు ఎలా రాజేశారో, నీళ్లు ఎక్కడ పట్టారో, ఏ శబ్దం వినబడితే బండి ఆపారో ఒక్కొక్కటే అడగండి. ఆ రికార్డు ఒక ప్రతి విశాఖలోని రైల్వే అధికారులకు, ఒక ప్రతి ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియానికి పంపండి.