మకిలి పట్టిన గిన్నె

ఆదివారంనాడు హైదరాబాదు అబిడ్స్‌లో చాలా దుకాణాలు మూసి వుంటాయి. మూసిన దుకాణాల ముందు, కాలిబాటమీద, పాత పుస్తకాలు పరుస్తారు. పదేళ్ళుగా ఆ కాలిబాటకు క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళలో నేనొకణ్ణి. నా పుస్తకప్రేమను చాటుకోవటానికి యీ మాట చెప్పటం లేదు. అక్కడ నేను చేసిన వొక పనిని గురించి విచారించదలిచాను. ఆ పని తప్పా కాదా అన్న విషయంలో నా మిత్రులకూ నాకూ భేదాభిప్రాయం వుంది. నాలో నాకే చాలాకాలం వుండింది.

జరిగింది యిది. నాలుగేళ్ళ కిందట వొక ఆదివారం, ప్రవేశపరీక్షల గైడ్ల గుట్ట అడుగున, ‘మహాప్రస్థానం’ 1950 నాటి మొదటి ముద్రణ ప్రతి కనిపించింది. అట్ట లేదు. కుట్లు వదులయ్యాయి. లోపలి పేజీలో యెవరో మాస్టారు నల్లసిరాతో తన పేరూ, తను పనిచేసిన హైస్కూలు పేరూ, 1952 అన్న అంకే రాసుకున్నారు. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. అప్పుడు నేనేం చేశానంటే, ఆ పుస్తకాన్ని చూడనట్టు దాటేసి, పక్కనున్న వ్యాకరణం గైడు చేతిలోకి తీసుకుని, దానికి బేరం మొదలుపెట్టాను. అతను యాభై అన్నాడు, నేను ముప్ఫై అన్నాను. బేరం తెగబోయే సమయానికి, “సరే, ఈ అట్టలేనిది కూడా కలిపి ఇవ్వు” అన్నాను. రెండూ కలిసి అరవై రూపాయలకు వచ్చాయి. ముఖాన సంతోషం కనపడనివ్వకుండా నాంపల్లి స్టేషనుదాకా నడిచాను. గైడును అక్కడి బెంచీమీదే వదిలేశాను.

కాలేజీలో యీ సంగతిని విజయగాథలాగా చెప్పాను. పాత పుస్తకాలు సేకరించే పెద్దమనిషి వొకాయన ఆ ప్రతిని చూసి, అమ్మదలిస్తే ఎనిమిది వేలు యిస్తానన్నాడు. ఆ ముక్క కూడా గర్వంగానే చెప్పాను. రెండో సంవత్సరం బి.ఎ. చదివే అమ్మాయి వొకతె అంతా విని, “మరి ఆయనకు చెప్పారా సార్?” అని అడిగింది.

“ఎవరికి?”

“అమ్మినాయనకు.”

నేను నవ్వేసి పాఠంలోకి వెళ్ళిపోయాను. ఆరోజు పాఠం సరిగా సాగలేదు.

నా పక్షాన వాదించేవాళ్ళు లేకపోలేదు. అర్థశాస్త్రం చెప్పే నా మిత్రుడి వాదన యిది: ధర అతనే వొప్పుకున్నాడు, డబ్బు నువ్వు యిచ్చావు, యిందులో బలవంతం లేదు. పైగా ఆ ప్రతిని గుర్తుపట్టటానికి నువ్వు పదిహేనేళ్ళు సాహిత్యం చదివావు, యెండలో వంగి గంటలకొద్దీ వెతికావు. ఆ శ్రమకు ప్రతిఫలం నీకు రావద్దా? శ్రమ అన్న మాట దొర్లింది కనక యిది మన వాదనలాగే వినిపిస్తుంది. కాని నా వెతుకులాటవల్ల పుస్తకం చేతులు మారింది, అంతే. దానిలో కొత్తగా వొక్క అక్షరం చేరలేదు. చలామణిలో వొకడికి యెక్కువ ముడితే అవతలివాడికి అంతమేరకు తగ్గుతుందనీ, మొత్తంమీద విలువ పెరగదనీ మార్క్స్ 1867లోనే ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో చూపించాడు. శ్రమతో మళ్ళీ తయారుచెయ్యటానికి వీల్లేని పురాతన వస్తువుల ధర యాదృచ్ఛికమైన పరిస్థితులనుబట్టి యేర్పడవచ్చునన్న మాట 1894లో యెంగెల్స్ వెలువరించిన మూడో సంపుటంలో వుంది. నా పుస్తకం సంగతే చూడండి. ‘మహాప్రస్థానం’ పునర్ముద్రణలు యీనాటికీ దొరుకుతూనే వున్నాయి. చదువుకోవటానికి రెండూ వొకటే. కొత్త ప్రతి ధరకూ ఎనిమిది వేలకూ మధ్యనున్న తేడాలో శ్రీశ్రీ శ్రమ లేదు, అచ్చు కూర్చిన కార్మికుడి శ్రమ లేదు, నా శ్రమ అసలే లేదు. పాఠభేదాలు పోల్చిచూడటానికి మొదటి ముద్రణ పనికొస్తుందని నా తోటి అధ్యాపకులు అనవచ్చు. పనికొస్తుంది. నేను ఆ పని చెయ్యలేదు. బీరువాలో పెట్టి తాళం వేశాను.

మిగిలింది మౌనాన్ని గురించిన వాదన. నేను అబద్ధమాడలేదు, చెప్పకుండా వూరుకున్నాను, అంతే కదా? ఈ ప్రశ్న చాలా పాతది. క్రీ.పూ. 44లో సిసిరో మనిషి కర్తవ్యాలను గురించి రాసిన గ్రంథం మూడో భాగంలో అచ్చంగా నా వ్యవహారమే వుంది. వొకడు బంగారాన్ని యిత్తడి అనుకుని అమ్ముతున్నాడు. యోగ్యుడు అది బంగారమని చెప్పాలా, లేక వెయ్యి దినారాల సొత్తును వొక్క దినారానికి పట్టుకుపోవచ్చా? బాబిలోను డయోజెనిస్, అతని శిష్యుడు ఆంటిపేటర్ యిలాంటి ప్రశ్నలమీద విభేదించారని సిసిరో చెబుతాడు. దాచిపెట్టటం వేరు, చెప్పకపోవటం వేరు అని గురువు. మనుషులందరి మేలూ చూడవలసినవాడికి ఆ తేడా పనికిరాదని శిష్యుడు. సిసిరో శిష్యుడి పక్షం. (అదే పేజీల్లో, బానిసను అమ్మేటప్పుడు వాడి లోపాలను కొనేవాడికి చెప్పాలా అన్న చర్చ కూడా సాగుతుంది. మనిషిని అమ్మవచ్చా అన్న ప్రశ్న మాత్రం రాదు. నీతిశాస్త్రానికి కూడా యజమానులుంటారు.) గురువుగారి వెసులుబాటు కూడా నాకు వర్తించదు. నేను చెప్పకుండా వూరుకున్నవాణ్ణి కాను. నాకు అక్కర్లేని గైడుకోసం పది నిమిషాలు నటించినవాణ్ణి.

మన దేశంలో యీ సమస్యను యింతకన్నా బాగా చెప్పారు. జాతకకథల్లో మూడోది సేరివాణిజ జాతకం. గిన్నెలూ పూసలూ అమ్ముకునే వర్తకులు యిద్దరు తేలవాహ నది దాటి అంధపురం అనే పట్నానికి వస్తారు. అది ఆంధ్రుల పట్నమేనని భావించిన చరిత్రకారులున్నారు. అదే నిజమైతే పాతసామానుల బేరంలో మోసానికి మనవాళ్ళ సాక్ష్యం చాలా పాతదన్నమాట. ఆ వూళ్ళో బాగా బతికి చెడిన కుటుంబం వొకటి వుంది. మిగిలింది వొక ముసలమ్మా, మనవరాలూ. ఇతరుల యిళ్ళలో కూలి చేసుకుని బతుకుతున్నారు. వర్తకుడి కేక విని మనవరాలు తనకేదైనా నగ కొనిపెట్టమంటుంది. కొనటానికి డబ్బు లేదు. పాతగిన్నెల్లో పడివున్న వొక గిన్నె తెచ్చి యిస్తారు. పాతచీరలు తీసుకుని స్టీలుగిన్నెలిచ్చే బేరం మన వీధుల్లో చూసినవాళ్ళకు ఆ గడప ముందరి దృశ్యం కొత్తగా వుండదు. ఆ గిన్నె యింటి పెద్ద బతికున్న రోజుల్లో అన్నం తిన్న బంగారు గిన్నె. మకిలి పట్టి వుంది కనక వాళ్ళకు తెలియదు. మొదటి వర్తకుడు సూదితో అడుగున గీసి చూశాడు. బంగారమని తెలిసింది. ఇది అరకాసు కూడా చెయ్యదని నేలమీద పారేసి వెళ్ళిపోయాడు, తర్వాత వచ్చి వూరికే పట్టుకుపోవచ్చునని.

తర్వాత రెండోవాడు వచ్చాడు. కథ ప్రకారం అతను బోధిసత్వుడు. అతను గిన్నె చూసి, “అమ్మా, యిది లక్ష చేస్తుంది, అంత సొమ్ము నా దగ్గర లేదు” అని చెప్పాడు. వాళ్ళు ఆశ్చర్యపోయి, తోచింది యిచ్చి తీసుకుపొమ్మన్నారు. చేతిలో వున్న అయిదువందల నాణేలూ, అయిదువందల విలువైన సరుకూ యిచ్చి, తన త్రాసూ సంచీ యెనిమిది నాణేలూ మాత్రం వుంచుకుని వెళ్ళాడు. మొదటివాడు తిరిగివచ్చి సంగతి విని, యేటి వొడ్డుదాకా పరుగెత్తి, గుండె పగిలి చచ్చాడు.

దురాశ దుఃఖానికి చేటు అని చిన్నప్పుడు మాకు యీ కథ చెప్పారు. ఇప్పుడు నాకు రెండోవాడి సంగతే యెక్కువ ఆలోచన కలిగిస్తున్నది. లక్ష చేసే గిన్నెకు అతను యిచ్చింది వెయ్యి. లెక్కప్రకారం అతనికి మిగిలింది తొంభైతొమ్మిది వేలు. నా లాభం దానిముందు యేపాటి? అయినా కథ అతన్ని మంచివాడంటుంది, నాకూ ఆ మాట సబబనే తోస్తుంది. అతను చెప్పాడు. చెప్పిన తర్వాత, యివ్వటమో మానటమో, మరొకరికి చూపించటమో ఆ ముసలమ్మ చేతిలో వుంది. నేను అబిడ్స్‌లో వొక మనిషి చేతినుంచి తీసేసింది అదీ. డబ్బు లెక్క తర్వాతది.

రెండు నెలలకు వెళ్ళి అతనితో చెప్పాను. అతను కోప్పడతాడనుకున్నాను. “నేను తూకానికి తెచ్చిన సార్, కిలో పదిహేను” అన్నాడు. “ఒక్కొక్క బుక్కు రేటు సూసుకుంట కూసుంటే ఎప్పుడమ్మాలె? వానొస్తే అంతా గంగల కలుస్తది.” నేను రెండు వేలు చేతిలో పెట్టాను. లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాస్టారి యింటివాళ్ళకు యెవరు చెప్పాలన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. పుస్తకంలో స్కూలు పేరు వుంది, వెతికితే దొరుకుతారు. పాత కాగితాలవాడు వాళ్ళకు కిలోకు పది యిచ్చివుంటాడు. నేను అంతదూరం వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే నా దగ్గర సమాధానం లేదు.

ఇక్కడితో అయిపోతే యీ వ్యాసం రాసే పనే వుండేది కాదు. ఆ తర్వాత అతను నాకోసం వొక బస్తా పక్కన పెట్టటం మొదలుపెట్టాడు. “సార్, జర సూడున్రి” అనేవాడు. నేను చూసి, అరుదైనవాటి లోపలి అట్టమీద పెన్సిలుతో ధర రాసేవాణ్ణి. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు మాస్కోలో అచ్చువేసిన తెలుగు పుస్తకాలు ఆ బస్తాలో తరుచుగా వుండేవి. ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణాల్లో విద్యార్థి కూడా కొనగలిగిన ధరకు దొరికిన పుస్తకాలు అవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, అవి రావటం పోయింది. ఇప్పుడు వాటిని చిన్ననాటి జ్ఞాపకాలకోసం వెతికేవాళ్ళున్నారు, ఫోనుల్లో అమ్మేవాళ్ళున్నారు. ఇది మన వూరి జబ్బు మాత్రమే కాదు. 1902లో బాస్టన్‌లో మొదలైన గుడ్‌విల్ సంస్థ పాతబట్టలు సేకరించి, పేదలచేత బాగుచేయించి, పేదలకే చవకగా అమ్మింది. అటువంటి దుకాణాల్లో యీనాడు ఫోను చేత పట్టుకుని, ధర పలికే సరుకును ఏరుకుని తిరిగి అమ్ముకునేవాళ్ళు తిరుగుతుంటారు. పాతబట్టకు ‘వింటేజ్’ అని పేరు పెడితే, దాన్ని అవసరంకోసం కొనేవాడు పక్కకు తప్పుకోవలసి వస్తుంది.

కాబట్టి నా మిత్రుడు యిప్పుడు కొత్త వాదన తెచ్చాడు: నీ నిజాయితీవల్ల పేద విద్యార్థి నష్టపోయాడు, వాడికి ముప్ఫై రూపాయలకు దొరికేది మూడువందలయింది. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. అయినా దీని అర్థం యేమిటి? విద్యార్థి చదువు సాగాలంటే కాలిబాటమీద యెండలో కూర్చున్నవాడు తన సరుకు విలువ తెలియకుండా వుండాలనా? ఒక పేదవాడి అజ్ఞానాన్ని మరొక పేదవాడికి విద్యార్థి వేతనంగా పంచటమే అది. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయాలకని విడిగా పన్ను కడుతున్నాం. నేను పనిచేసిన వొక కాలేజీ గ్రంథాలయం ముద్ర వున్న పుస్తకాలు ఆ బస్తాలోనే నా చేతికి వచ్చాయి. అడగవలసిన లెక్క అక్కడ అడగాలి. నా మిత్రుడికి నేను చెప్పిన సమాధానం యిదే, యిది సరైనదనే యిప్పటికీ అనుకుంటున్నాను.

కాని సమాధానం చెప్పటం వేరు. కిందటి నెల ఆ అమ్మాయి, ఇప్పుడు ఎం.ఎ. చదువుతున్నది, అబిడ్స్‌లో కనిపించింది. మాస్కోలో అచ్చయిన పిల్లల పుస్తకం వొకటి చేతిలో వుంది. తమ్ముడికోసమట. అట్ట తిప్పి చూసి, “అన్నా, వంద ఉంది” అంది.

“మూడొందల యాభై అమ్మా. సార్ రాసిన రేటది” అని అతను నావైపు చూపించాడు.

తక్కిన డబ్బు నేను యిచ్చాను. ఆ అమ్మాయి వద్దు సార్ వద్దు సార్ అంటూనే తీసుకుంది. బస్తాలో నా పెన్సిలు గీతలు పడ్డ పుస్తకాలు యింకా ముప్ఫై దాకా వున్నాయి.