వీరగాథ విస్మరించిన వృద్ధురాలు

లండన్‌కు ఈశాన్యాన ఉన్న ప్రాచీన ఎపింగ్ అరణ్యం పేరు చెప్పగానే దారిదోపిడీకాడు డిక్ టర్పిన్ స్ఫురిస్తాడు. 1834లో వెలువడిన హారిసన్ ఐన్స్‌వర్త్ నవల ‘రుక్‌వుడ్’ అతణ్ణి నల్లగుర్రమెక్కిన సాహసవీరుడిగా చిత్రించింది. చరిత్ర చెప్పేది వేరు. టర్పిన్ ముఠా 1735లో లౌటన్ గ్రామంలో ఒక వితంతువు ఇంట చొరబడి, ధనం చూపకుంటే నిప్పులపై పడవేస్తామని బెదిరించింది. 1737లో తనను పట్టుకోవచ్చిన థామస్ మారిస్‌ను అతడు ఈ అడవిలోనే కాల్చి చంపాడు.

అధికారాన్ని ధిక్కరించిన వ్యక్తిని ప్రజలు కీర్తించడం సహజం. అయితే అతని చేత చిక్కి బాధపడినవారు ప్రజలు కారా? వీరగాథ ఈ ప్రశ్నను దాటవేస్తుంది.

లౌటన్ ప్రాంతపు దయ్యాల కథ మాత్రం దాటవేయలేదు. టర్పిన్ ప్రేతం గుర్రంపై కొండ దిగుతుండగా, అతడు హింసించిన ముసలమ్మ ప్రేతం వెనుకనుంచి ఎగిరి అతని వీపును కరచుకొంటుందట. విశ్వాసం మాట ఎలా ఉన్నా, ఆ కల్పనలో న్యాయదృష్టి ఉంది. 1739లో యార్క్‌లో టర్పిన్‌ను ఉరితీసింది గుర్రాల దొంగతనానికి. ముసలమ్మ పక్షాన అతణ్ణి నిలదీసింది ఈ దయ్యపు కథే. జానపద వాఙ్మయాన్ని సేకరించేవారు వీరగాథలతోపాటు ఇటువంటి కథలను కూడా భద్రపరచడం ధర్మం.